మా గల్లీ మోరీ ఎవరిది?

రాత్రంతా వాన కొట్టి తెల్లారి వెలిసిందంటే వరంగల్‌లోని మా గల్లీలో మొదట వినిపించేది సీకు చప్పుడే. ఎదురింటి కాక లుంగీ ఎగ్గట్టి, ఇనుప సీకు పట్టుకొని, మురుగు నీళ్ల మోరీ మీద కప్పిన బండల సందులోంచి పొడుస్తుంటాడు. లోపల ఇరుక్కున్న కవరో కొబ్బరి బొండమో కదిలితే గుడగుడమని నీళ్లు లాగుతాయి, కదలకపోతే ఇంకో గంటలో గేటు లోపలికి వస్తాయి. "గిది ఎవలు తియ్యాలె బిడ్డా?" అని ఒకరోజు అడిగాడు. "కార్పొరేషనోళ్లు తియ్యాలె, ఇంకెవలు" అన్నాను, పెద్ద తెలిసినవాడిలాగా. ఆ జవాబు సగమే నిజమని తెలిసేసరికి వానాకాలం పోయి చలికాలం వచ్చింది. ఈలోపు నేను ఐదు ఆఫీసుల మెట్లెక్కాను.

ఆ ఆఫీసుల పేర్లు ఇక్కడ అనవసరం. ఎక్కడా ఎవరూ అబద్ధం చెప్పలేదు, అదే విచిత్రం. ఒకచోట "మోరీ మాదే, కానీ నీళ్లు ఆగుతున్నది రోడ్డు కింద కల్వర్టు దగ్గర, అది మా పరిధి కాదు" అన్నారు. ఇంకోచోట "కల్వర్టు బాగానే ఉంది, అవతల పెద్ద కాలువ, నాలా, పూడిపోయింది" అన్నారు. మూడోచోట "నాలా తీయొచ్చు సార్, ముందు దాని హద్దులు సర్వే చేసి ఇవ్వాలి కదా" అన్నారు. అందరి మాటా నిజమే, నీళ్లు మాత్రం మా గేటు దగ్గరే ఉన్నాయి. మనం మున్సిపాలిటీ అని ఒకే పేరుతో తిట్టేది ఒక ఆఫీసును కాదు, ఒక గుంపును. ఆ గుంపులో ఎవరెవరో విడదీసి చూస్తే గానీ ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలో తెలియదు.

మోరీతోనే మొదలుపెడదాం. మోరీ కట్టేది కార్పొరేషన్ ఇంజినీరింగ్ విభాగం, అందులో పూడిక తీసేది ప్రజారోగ్య విభాగం. గేటు ఒకటే, పైఅధికారులు వేరు, ఫైళ్లు వేరు. మట్టి పేరుకుంటే పారిశుధ్య పనులు చూసే జవానుకో శానిటరీ ఇన్‌స్పెక్టర్‌కో చెప్పాలి. గోడ కూలినా, వాటం (వాలు) తప్పి నీళ్లు వెనక్కి వచ్చినా మీ డివిజన్ ఏఈకి, అంటే అసిస్టెంట్ ఇంజినీరుకు చెప్పాలి. వాటం సంగతి జవానుకు చెప్తే "అది ఇంజినీరింగోళ్లది సార్" అంటాడు, తప్పించుకోవడం కాదు, అతని చేతిలో పార, గంప తప్ప సిమెంటు ఉండదు.

పూడిక తీసిన రోజు చూడండి. తీసిన బురదంతా అక్కడే మోరీ ఒడ్డున కుప్ప పోస్తారు, తడి కాస్త ఆరితే గానీ ట్రాక్టర్‌లోకి ఎత్తలేరు కాబట్టి రెండు మూడు రోజులు అలాగే ఉంటుంది, ఆలోపు ఒక్క వాన పడిందా అదంతా మళ్లీ మోరీలోకే. ఇది చూసి అందరం తిడతాం, నేనూ తిట్టాను. అప్పుడు పనిలో ఉన్న ఒక సఫాయి అమ్మ మా ఇంటి ముందు ర్యాంపు చూపించి "సారూ, గీ స్లాబు లేస్తేనే కదా కిందిది తీసేది, దీన్ని లేపాల్నంటే జేసీబీ రావాలె" అంది. నోరు మూసుకున్నాను. బండ్లు ఎక్కించుకోవడానికి ఇంటింటికీ ఆరడుగులు, ఎనిమిదడుగులు మోరీ మీద స్లాబు పోసేశాం. గల్లీ పొడవునా లెక్కేస్తే సగానికి పైగా మూత కిందే ఉంది. చేత్తో లేపగలిగే చిన్న చిన్న బండలు వేసుకున్న ఇల్లు ఒక్కటే, అది కాకది. అందుకే ఆయన సీకు పనిచేస్తుంది, మా సీకులకు సందే లేదు.

పైగా మన మోరీ ఒక్క పని కాదు, రెండు పనులు చేస్తోంది. నగరంలో ఇప్పటికీ పూర్తిస్థాయి భూగర్భ డ్రైనేజీ లేదు, కాబట్టి వాన నీళ్లకు కట్టిన మోరీలోకే వంటింటి నీళ్లు, స్నానాల నీళ్లు, చాలా ఇళ్లలో సెప్టిక్ ట్యాంకు నుంచి పొర్లే నీళ్లు కూడా వదులుతున్నాం. ఎండాకాలంలో కూడా మోరీ ఎండకపోవడం, దోమలు పోకపోవడం అందుకే. సెప్టిక్ ట్యాంకుల విషయంలో మన కార్పొరేషన్ నిజానికి దేశంలో అందరికన్నా ముందే కదిలింది. ఆ వ్యర్థాలను ఎక్కడపడితే అక్కడ పారబోయకుండా 2016లోనే నిబంధనలు తెచ్చారు, అమ్మవారిపేట దగ్గర శుద్ధి కేంద్రం కూడా పెట్టారు. అయితే అది ట్యాంకర్ పిలిచి తోడించుకునేవాళ్లకు పనికొస్తుంది, పైపు మోరీలోకి వదిలేసిన ఇంటికి కాదు. భూగర్భ డ్రైనేజీకి 2024 నవంబర్‌లో 4,170 కోట్ల రూపాయల అంచనాతో ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. అనుమతి వేరు, మన గల్లీలో పైపు పడటం వేరు, మధ్యలో ఎన్ని వానాకాలాలు ఉంటాయో చూడాలి.

సరే, గల్లీ దాటి మెయిన్ రోడ్డుకొస్తే యజమాని మారిపోతాడు. కొన్ని కార్పొరేషన్ రోడ్లు, కొన్ని రోడ్లు భవనాల శాఖ (ఆర్ అండ్ బీ) రోడ్లు, ఇవి కాక హైదరాబాద్ నుంచి భూపాలపట్నం పోయే 163, జగిత్యాల నుంచి ఖమ్మం పోయే 563 జాతీయ రహదారులు మన మీదుగానే పోతాయి. రోడ్డు ఎవరిదైతే దాని కింది కల్వర్టు సాధారణంగా వాళ్లదే. గల్లీ మోరీలో నీళ్లు ఎంత బాగా పారినా మెయిన్ రోడ్డు కింద పైపు మూసుకుపోతే అంతా వెనక్కే. శివనగర్ అండర్ బ్రిడ్జిలాంటి చోట రైల్వే కూడా వచ్చి చేరుతుంది, అక్కడ ఒక జాలీ పెట్టాలన్నా ఇద్దరు ముగ్గురు మాట్లాడుకోవాలి.

కరెంటు స్తంభానిదీ ఇదే కథ. స్తంభం ఎన్పీడీసీఎల్‌ది, దాని మీద వీధి లైటు కార్పొరేషన్‌ది. ఉత్తర తెలంగాణ అంతటికీ కరెంటిచ్చే ఆ సంస్థ హెడ్డాఫీసు మన నక్కలగుట్టలోనే ఉంది గానీ మీ గల్లీలో లైటు మాడితే అక్కడికి పోయి లాభం లేదు. నల్లా మాత్రం కాస్త నయం. హైదరాబాద్‌లో నీళ్లకు వేరే బోర్డు ఉంది, ఇక్కడ కార్పొరేషనే ఇస్తుంది. దిగువ మానేరు నుంచి కాకతీయ కాలువలో ధర్మసాగర్ దాకా వచ్చి, ఫిల్టర్‌బెడ్ దాటి మన ఇంటికొచ్చే ఆ నీళ్లకు బిల్లూ ఫిర్యాదూ ఒకచోటే. నల్లాకూ నాలాకూ ఒక ఒత్తు, ఒక దీర్ఘమే తేడా, నల్లాకు మాత్రం ఒక్కడే యజమాని, నాలాకు అరడజను మంది.

ఇంత చిక్కు ఎట్లా వచ్చిందంటే, నగరం పెరిగినంత తీరుగా ఆఫీసులు పెరగలేదు. 1899లో మున్సిపాలిటీ, 1994లో కార్పొరేషన్, 2015 జనవరిలో గ్రేటర్. చుట్టుపక్కల 42 గ్రామాలు కలిశాక పరిధి 400 చదరపు కిలోమీటర్లు దాటింది. మడికొండ, హసన్‌పర్తి, మామునూరు, పైడిపల్లి ఒక్కసారిగా నగరమయ్యాయి. కాగితం మీద. అక్కడివాళ్లను అడిగితే ముందుగా చెప్పేది రెండే: కరువు పని పోయింది, ఇంటి పన్ను పెరిగింది. ఉపాధి హామీ పల్లెలకే గాని పట్నానికి లేదు, పొలం పనులు చేసుకుంటూనే పట్నపోళ్లు అయిపోయినవాళ్లకు ఆ కూలి ఆగిపోయింది. విలీనం తప్పో ఒప్పో పక్కన పెడితే, "మాకేమొచ్చింది" అని వాళ్లు అడిగితే చూపించడానికి చాలాచోట్ల ఇంకా రోడ్డు కూడా లేదు.

దీనికి తోడు జిల్లాలు. 2016లో పాత వరంగల్ జిల్లా ముక్కలైనప్పుడు నగరం దాదాపు మొత్తం వరంగల్ అర్బన్‌లో ఉండేది. 2021 ఆగస్టులో అర్బన్, రూరల్ పేర్లు తీసేసి హనుమకొండ, వరంగల్ జిల్లాలు చేశారు, ఆ చేయడంలో నగరాన్ని మధ్యకు కోశారు. హనుమకొండ, కాజీపేట ఒక జిల్లా. వరంగల్, ఖిలా వరంగల్ ఇంకో జిల్లా. వరంగల్ పేరున్న జిల్లాలో వరంగల్ ఉండాలి కదా అనేది అటువైపు వాదన, అందులో న్యాయం లేకపోలేదు. కానీ ఇప్పుడు ఒక కార్పొరేషన్‌కు ఇద్దరు కలెక్టర్లు, రెండు రెవెన్యూ యంత్రాంగాలు, ఇద్దరు జిల్లా వైద్యాధికారులు (డీఎంహెచ్‌ఓలు). ఒకే నాలా ఒక జిల్లాలో పుట్టి ఇంకో జిల్లాలోకి పోతే సర్వేకు ఇద్దరు తహసీల్దార్ల దగ్గరికి పోవాలి. వరద సాయం జాబితాలు వేరువేరుగా తయారవుతాయి. నాకు ఈ కోత అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. అసెంబ్లీ నియోజకవర్గాలైతే తూర్పు, పశ్చిమతో పాటు వర్ధన్నపేట, పరకాల ముక్కలు కూడా నగరంలోనే ఉన్నాయి, కాబట్టి ఏ శంకుస్థాపన ఫ్లెక్సీ చూసినా ఫొటోలకే జాగా సరిపోదు.

ఇక కుడా. కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ అంటే చాలామందికి పార్కులు, ప్లాట్ల వేలమే గుర్తొస్తాయి, దాని అసలు పని ప్లాను. కార్పొరేషన్ హద్దుకు ఎంతో అవతలి దాకా దాని పరిధి ఉంటుంది, ఏ భూమిలో ఇళ్లు రావాలి, ఏది పచ్చగా ఉండాలి, రోడ్డు ఎంత వెడల్పు అనేది మాస్టర్ ప్లాన్‌లో గీసేది వాళ్లే. 1970ల మొదట్లో వచ్చిన ప్లానుతోనే మనం యాభై ఏళ్లు నెట్టుకొచ్చాం. 2041 దాకా లెక్కేసిన కొత్త ప్లానుకు ప్రభుత్వం 2024 నవంబర్‌లో గానీ ఆమోదం చెప్పలేదు. ఈ యాభై ఏళ్లలో జరగాల్సినవన్నీ జరిగిపోయాయి. పొలం కొని గజాల్లెక్కన కోసి అమ్మినోళ్లు మోరీ ఎటు పోతుందో చూడలేదు, కొన్నవాళ్లు అడగలేదు. అనుమతి ఉన్న లేఅవుట్ అయితే పదిశాతం స్థలం ఖాళీగా వదిలి స్థానిక సంస్థకు రాసివ్వాలి, రోడ్లు, మోరీలు వేసివ్వాలి. అనుమతి లేని వెంచర్‌లో అవేవీ ఉండవు. 2020లో వచ్చిన ఎల్ఆర్ఎస్ ఆ ప్లాట్లను పైసలు తీసుకొని క్రమబద్ధం చేసే పథకం. దాంతో కాగితం క్రమబద్ధం అవుతుంది, వాటం కాదు.

ఇల్లు కట్టే అనుమతి మాత్రం నగరం లోపలైతే కార్పొరేషన్‌దే. 75 గజాల లోపు చిన్న ఇంటికి అనుమతే అక్కర్లేదు, ఒక్క రూపాయి కట్టి ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుంటే చాలు. పెద్ద ఇళ్లకు కూడా చాలావరకు మనమే రాసిచ్చే స్వీయ ధ్రువీకరణ మీద నడుస్తుంది. ఇది మంచి మార్పే, లంచాల గోల తగ్గింది. కానీ ఇల్లు నాలా హద్దులో ఉందా లేదా అన్నది కట్టక ముందు కాక కట్టాక తేలే కేసులు కూడా ఉంటాయి, అప్పుడు కూలగొట్టడానికి వస్తే టీవీలో ఏడ్చేది ఇంట్లో ఉండేవాళ్లే, అమ్మినవాడు కాదు.

ఆ హద్దు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే వరదల మూలం అక్కడే ఉంది. ఓరుగల్లు గొలుసుకట్టు చెరువుల మీద కట్టిన ఊరు. పైచెరువు నిండి మత్తడి (అలుగు) దుంకితే ఆ నీళ్లు వాగులో పడి కింది చెరువుకు పోవాలి. ఆ వాగులే ఇప్పుడు మనం నాలాలు అంటున్నవి. వడ్డేపల్లి చెరువు వైపు నీళ్లు నయీంనగర్ నాలాలోకి వస్తాయి, వరంగల్ వైపు బొందివాగు ఉంది. నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు దాటిన చెరువు నిండుమట్టం నుంచి 30 మీటర్లు, చిన్న చెరువుకు 9 మీటర్లు, 10 మీటర్ల వెడల్పు దాటిన నాలాకు 9 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 2 మీటర్లు ఖాళీగా వదలాలి. ఈ నిబంధన ఎంత మంచిగా ఉందో నాలా గట్టు మీద నడిచి చూస్తే అంత నవ్వొస్తుంది. రెండు మీటర్లు కాదు, రెండు జానలు కూడా లేని చోట్లున్నాయి.

2020 ఆగస్టులో మునిగాం. 2023 జులైలో హనుమకొండ నుంచి కరీంనగర్ పోయే రోడ్డు నయీంనగర్ దగ్గర నదిలా పారింది, ఆ రోజుల్లోనే పోతననగర్ వైపు భద్రకాళి చెరువు కట్ట తెగింది. 2025 అక్టోబర్ చివర మొంథా తుపానుకు మళ్లీ అదే. నయీంనగర్ దగ్గర పాత బ్రిడ్జి 2024లో కూలగొట్టి కొత్తది కట్టారు, నాలాకు రెండువైపులా గోడలు లేపారు. బ్రిడ్జి దగ్గర వెడల్పు చేస్తే అక్కడ నీళ్లు త్వరగా పోతాయి, నిజమే, కానీ కింద ఇరుకు అలాగే ఉంటే ఆ నీళ్లు ఇంకో కాలనీ గేటు ముందుకు చేరతాయి. నాలా గోడ కట్టేది ఒకరు, చెరువు తూము, మత్తడి చూసేది నీటిపారుదల శాఖ, ఆక్రమణ తేల్చేది టౌన్ ప్లానింగ్, హద్దురాయి వేసేది రెవెన్యూ. వీళ్లందరినీ ఒకచోట కూర్చోబెట్టేది వరద వచ్చినప్పుడు పెట్టే సమీక్ష మాత్రమే.

మరి కార్పొరేటర్ ఏం చేస్తాడు? మనం ఓటేసింది ఆయనకు, ఆమెకు. 2016లో 58 డివిజన్లుండేవి, 2021 ఏప్రిల్ 30న జరిగిన ఎన్నికలకు 66 చేశారు. మేయర్‌ను మనం నేరుగా ఎన్నుకోం, కార్పొరేటర్లు, పదవి రీత్యా (ఎక్స్ అఫీషియో) సభ్యులుగా ఎమ్మెల్యేలు, ఎంపీలు, ఎమ్మెల్సీలు కలిసి ఎన్నుకుంటారు. బడ్జెట్ ఆమోదించేది కౌన్సిల్, సంతకం పెట్టి పని జరిపించేది కమిషనర్, ఆయన్ను వేసేది రాష్ట్ర ప్రభుత్వం. కాబట్టి కార్పొరేటర్ చేతిలో ఉన్నది ప్రతిపాదన, ఒత్తిడి, ఫోను. పాలకవర్గం గడువు ఐదేళ్లు, అది అయిపోయి ఎన్నికలు జరగకపోతే ప్రత్యేకాధికారి వస్తారు, ఆ ఒత్తిడి కూడా ఉండదు. 2016 మార్చి ఎన్నికలకు ముందు మనం చాలా ఏళ్లు అలాగే గడిపాం.

2019 మున్సిపల్ చట్టంలో ఒక మంచి మాట ఉంది, ఎవరూ పట్టించుకోరు. ప్రతి వార్డుకు నాలుగు కమిటీలుండాలి: యువత, మహిళలు, పెద్దవాళ్లు, ప్రముఖులు, ఒక్కోదాంట్లో 15 మంది. అంటే మీ డివిజన్‌లో 60 మంది ఉండాలి. వాళ్లెవరో మీకు తెలుసా? నేను మా గల్లీలో అడిగాను, ఒక్కరికీ తెలియదు. అదే చట్టంలో నాటిన మొక్కల్లో 85 శాతం బతకకపోతే వార్డు సభ్యుడి పదవి పోతుందని కూడా ఉంది. మొక్కకున్న పట్టు మోరీకి లేదు.

పైసల సంగతికొస్తే, ఇంటి పన్ను, నల్లా బిల్లు, అనుమతుల ఫీజులు, దుకాణాల లైసెన్సులు సొంత ఆదాయం, మిగతాది కేంద్రం, రాష్ట్రం ఇచ్చే గ్రాంట్లు. ఏప్రిల్‌లోపు పన్ను కడితే 5 శాతం తగ్గింపు, ఆలస్యమైతే నెలకు 2 శాతం వడ్డీ. గ్రాంట్లకు తాళ్లుంటాయి: 15వ ఆర్థిక సంఘం మన స్థాయి నగరాలకు ఇచ్చినదాంట్లో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే ముడిపెట్టింది. కాబట్టి "పైసలున్నాయి కదా, మా రోడ్డెందుకు వేయరు" అనే ప్రశ్నకు జవాబు, ఉన్న పైసలు ఆ రోడ్డువి కాకపోవచ్చు. ఇక పని ఎట్లా నడుస్తుందంటే, ఏఈ వచ్చి ఎస్టిమేట్ వేస్తాడు, అది పై ఇంజినీర్లు డీఈ, ఈఈ దాటి పైకి పోతుంది, పరిపాలన అనుమతి, సాంకేతిక అనుమతి, టెండర్, అగ్రిమెంట్, పని, కొలతల పుస్తకం (ఎంబీ) రికార్డు, చివరికి బిల్లు. మీ మోరీ ఇందులో ఏ మెట్టు మీద ఆగిందో తెలుసుకోవడం సగం పని. ఊరికే "ఏమైంది సార్" అంటే "ప్రాసెస్‌లో ఉంది" అంటారు. "ఎస్టిమేట్ అయిందా, టెండర్ పిలిచారా" అంటే తల ఎత్తి చూస్తారు, నేను చూశాను.

మేము చివరికి చేసింది చిన్న పనే. నోటితో చెప్పడం మానేసి, ఒకే కాగితం మీద మోరీ, కల్వర్టు, నాలా గీసి, నీళ్లు ఎక్కడ ఆగుతున్నాయో ఎర్ర పెన్నుతో గుండ్రం చుట్టి, ఇరవై ఇళ్లవాళ్లం సంతకాలు పెట్టి, అదే కాగితాన్ని సోమవారం ఫిర్యాదులు తీసుకునే గ్రీవెన్స్‌లోనూ, మిగతా రెండు ఆఫీసుల్లోనూ ఇచ్చి ముద్ర వేయించుకున్నాం. ఒకరికిచ్చింది ఇంకొకరికి కూడా ఇచ్చామని ప్రతిదాని మీదా రాశాం. నెల గడిచాక కదలిక లేకపోతే పది రూపాయలతో సమాచార హక్కు దరఖాస్తు పెడదామనుకున్నాం, 30 రోజుల్లో జవాబివ్వాలి కదా. అక్కడిదాకా పోలేదు. ఒక గురువారం పొద్దున మూడు ఆఫీసుల మనుషులు ఒకేసారి వచ్చారు.

వాళ్లు మెయిన్ రోడ్డు పక్కన నిలబడి టేపు పట్టారు, ఒక కొస ఒక శాఖ చేతిలో, ఇంకో కొస ఇంకో శాఖ చేతిలో. కల్వర్టు పైపులో ఏముందో టార్చి వేసినా కనబడలేదు. కాక ఇంట్లోకి పోయి సీకు తెచ్చిచ్చాడు. అది సగం దాకా పోయి దేనికో తగిలి ఆగింది, అటువైపు నుంచి పొడిచినా అంతే. చూస్తే ఎప్పుడో పాతబడి వదిలేసిన నీళ్ల పైపు ఒకటి కల్వర్టుకు అడ్డంగా ఉంది, దాని చుట్టూ కేబుల్ తీగలు, కవర్లు, మట్టి. "ఈ పైపు ఎవరిది?" అన్నాడు ఒకాయన. మిగతా ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తనిఖీ కాగితం మీద రెండు సంతకాలయ్యాయి, మూడోది మంగళవారం పెడతామన్నారు. కాక సీకు కడుక్కొని లోపలికి పోయాడు.